పాటల ఫైల్లో పెట్టెలు, ప్రశ్నార్థకాలు, డిగ్రీల సున్నాలు: ఫాంటు తప్పా, నా తప్పా?

మూడోగంట:

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట. ఈ ప్రశ్నలో ఎక్కడా ఎమోజీ బొమ్మ పెట్టడం లేదు. పెడితే మీకూ పెట్టెలే కనబడతాయేమోనని భయం.

నేను తెలుగు పండితురాలిగా 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా విజయనగరం జిల్లా పల్లెల్లో నాట్లప్పుడు, దంపుళ్లప్పుడు పాడుకునే పాటలు పోగుచేస్తున్నాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు (ఇప్పుడు వాళ్లకే పిల్లలున్నారు) వాళ్ల అమ్మమ్మల చేత పాడించి, విని, టైపు చేసి వాట్సాప్ గ్రూపులో పంపుతారు. నేను ఆ సంభాషణను ఫోను నుంచి ఎగుమతి చేసుకుని, విండోస్ 10 కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరిచి సరిచేసుకుంటాను. వర్డ్‌లో ఎందుకు చేయరని అడగకండి. వర్డ్ నన్ను అడక్కుండా నా మాటలు దిద్దుతుంది. దిద్దడం నా వృత్తి, దానిది కాదు.

ఎమోజీలు తీసేస్తే గొడవ వదులుతుంది కదా అని మా అబ్బాయి అంటాడు. తీయడానికి లేదు. వరికంకితో ఉన్న ఆడమనిషి బొమ్మ ఎక్కడుంటే అక్కడ అందరూ వంత అందుకుంటారని మా గ్రూపులో ఒప్పందం. ఒకమ్మాయి పాదం చివర నవ్వుముఖం పెట్టి, "ఇక్కడ మా అమ్మమ్మ పాడలేక నవ్వేసింది టీచర్" అని రాసింది. ఆ నవ్వు నాకు పాటలో భాగమే.

ఇక నా కష్టాలు. ఫోనులో నిండు రంగుల్లో ఉన్న బొమ్మలు ఇక్కడ నల్లగీతలతో, పిల్లలు పెన్సిలుతో గీసినట్టున్నాయి. వంత గుర్తు రెండుగా విడిపోయింది: ఆడమనిషి ఒకచోట, వరికంకి ఒకచోట. జెండా ఉండాల్సిన చోట ఐ, ఎన్ అనే ఇంగ్లీషు అక్షరాలు రెండు నిలబడి ఉన్నాయి. ఒక ముఖం మాత్రం పూర్తిగా ఖాళీ పెట్టె. ప్రతి సందేశం ముందు వచ్చే సమయంలో కూడా అంకెకీ పీఎంకీ మధ్య ఏదో సన్నని పెట్టె. "స్త్రీ" అని రాస్తే కింద వత్తుల పాదాలు ఎవరో కత్తిరించినట్టు తెగిపోతున్నాయి.

మా నాన్నగారి పద్యాల నోటుపుస్తకం కూడా ఇందులోనే ఎక్కిస్తున్నాను. ఆయన పాతకాలపు నకారపొల్లు ("న్"కు ఒక పాత రూపం) రాసేవారు. ఆ అక్షరాన్ని ఒకచోట నుంచి నకలు చేసి అతికించాను. అదీ పెట్టే.

ఇవి కాక ఇంకో రెండు ఫైళ్లున్నాయి. ఒకదానిలో తెలుగు ముక్క లేదు. నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీల సున్నా, నడుమ నడుమ కూడికా తీసివేతా ఒకటైన గుర్తు. పాటకు జ్వరమొచ్చి థర్మామీటరు పెట్టినట్టుంది. రెండో ఫైల్లో అన్నీ ప్రశ్నార్థకాలే. అది అచ్చుకు ఇచ్చిన ఫైలు. అక్కడి కుర్రవాడు "ఆన్సీలో సేవ్ చేసి ఇవ్వండమ్మా, మా దగ్గర అదే నడుస్తుంది" అంటే అలాగే చేశాను.

మూడు ఫాంట్లు మార్చి చూశాను, నోటో కూడా ఎక్కించాను. ఏ మార్పూ లేదు. ఫాంటు తప్పా, నా తప్పా?

జీడితోట:

టీచరుగారూ, నాకూ ఇదే జరిగింది. మంచి ఫాంటు వేసుకుంటే సగం పోతుంది. మిగతా సగం కనబడని అక్షరాల వల్ల వస్తుంది. ఫోను నుంచి వచ్చే పాఠంలో వెడల్పు లేని అక్షరాలు దూరి ఉంటాయి. వెతికి మార్చే పెట్టెలో వాటిని పెట్టి, రెండో గడి ఖాళీగా వదిలి, అన్నీ ఒకేసారి తీసేయండి. నేను ప్రతి ఫైల్లోనూ మొదట చేసే పని అదే. శుభ్రంగా ఉంటుంది.

ఎనిమిదోబిట్టు:

టీచరుగారూ, జీడితోట గారి రెండో సలహా దయచేసి పాటించకండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మీరు ఒకే జబ్బు అనుకుంటున్నారు గానీ, ఇందులో కనీసం మూడున్నాయి. పెట్టె కనబడితే అక్షరం ఫైల్లో క్షేమంగా ఉంది, గీయడానికి ఫాంటులో బొమ్మ లేదు, అంతే. డిగ్రీల సున్నాలు కనబడితే అక్షరం క్షేమమే, చదివే పద్ధతి తప్పు. ప్రశ్నార్థకాలు కనబడితే మాత్రం అక్షరం పోయింది. దానికి ప్రపంచంలోని ఫాంట్లన్నీ తెచ్చి వేసినా లాభం లేదు.

ముందు తేలికవి. ప్రిఫరెన్సెస్‌లో "మిస్క్" అనే పేజీలో డైరెక్ట్‌రైట్ అన్న మాట కోసం చూడండి. వెర్షన్‌ను బట్టి టిక్కు పెట్టేదిగానో, ఎంచుకునే జాబితాగానో ఉంటుంది. దాన్ని ఎంచి, ప్రోగ్రాం మూసి మళ్లీ తెరవండి. విండోస్‌లో అక్షరాలు గీసే పాత యంత్రాంగం జీడీఐకి రంగుల ఫాంట్లు తెలియవు, అందుకే పెన్సిలు బొమ్మలు. డైరెక్ట్‌రైట్‌కు తెలుసు. మీరు ఫాంట్లు ఎన్ని మార్చినా రంగు రాకపోవడానికి కారణం ఇదే. కలం మార్చకుండా సిరాలు మారుస్తున్నారు.

వత్తులు తెగడం వేరే సంగతి. మీ ఎడిటర్‌లో మామూలుగా ఉండే ఫాంటు కొరియర్ న్యూ. అందులో తెలుగు లేదు. తెలుగు వచ్చినప్పుడల్లా విండోస్ పక్కనున్న మరో ఫాంటు నుంచి అరువు తెస్తుంది. కానీ పంక్తి ఎత్తు మాత్రం కొరియర్ కొలతే. ఇంగ్లీషుకు అడుగున ఒక్క చిన్న తోక చాలు. మన "స్త్రీ"కి రెండంతస్తుల నేలమాళిగ కావాలి. స్టైల్ కాన్ఫిగరేటర్‌లో గ్లోబల్ స్టైల్స్ కింద డిఫాల్ట్ స్టైల్‌కు నిర్మలా యూఐ గానీ నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టండి. పంక్తి ఎత్తు దాన్ని బట్టి పెరుగుతుంది.

జెండా: ప్రపంచ లిపులన్నిటి అక్షరాలకూ సంకేతాలిచ్చే పట్టిక అయిన యూనికోడ్‌లో దేశపు జెండా అంటే ఆ దేశపు సంకేతంలోని రెండు ప్రత్యేక అక్షరాలే. ఫాంటులో బొమ్మ ఉంటే జెండాగా మారుతుంది. విండోస్ ఎమోజీ ఫాంటులో దేశాల జెండాలు లేవు. కాబట్టి మీరు చూస్తున్నది తప్పు కాదు, అసలు రూపం.

సమయంలోని సన్నని పెట్టె: అది మామూలు ఖాళీ కాదు. సంకేతం 202ఎఫ్, పంక్తి చివర విరగకుండా పట్టి ఉంచే సన్నని ఖాళీ. దాన్ని మామూలు ఖాళీగా మార్చుకోవచ్చు, నష్టం లేదు.

ఇప్పుడు డిగ్రీల సున్నాలు. ఇది నాకు ఇష్టమైన జబ్బు. యూనికోడ్ సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరం మూడు బైట్లు తీసుకుంటుంది. మొదటి బైటు ఎప్పుడూ ఈ0. రెండోది బి0 లేదా బి1, మరొకటి ఉండదు. ఆ ఫైలును పాత పాశ్చాత్య పట్టిక 1252తో (మీ మెనూలో ఆన్సీ అనేది ఇదే, ఇందులో తెలుగు లేదు) చదివితే ఈ0 నెత్తిన గీత ఉన్న ఏ, బి0 డిగ్రీ గుర్తు, బి1 కూడిక-తీసివేత గుర్తు. అచ్చులూ హల్లులూ, దీర్ఘమూ గుడీ డిగ్రీ వైపు. గుడిదీర్ఘం, కొమ్ము, ఎత్వం, ఒత్వం, పొల్లు రెండో వైపు. ఆ పిచ్చిరాత చూసి ఇది తెలుగే అని దూరం నుంచే చెప్పవచ్చు.

మందు: ఎన్‌కోడింగ్ మెనూలో పై భాగంలో ఉన్న యూటీఎఫ్-8ని ఎంచండి. కింద "కన్వర్ట్" అని మొదలయ్యేవి ముట్టుకోవద్దు. పైది ఉన్న ఉత్తరాన్నే సరైన కళ్లజోడుతో చదవడం. కిందిది తప్పుగా చదివినదాన్ని సాపు రాసి పెట్టడం. ఇప్పటికే కన్వర్ట్ చేసి సేవ్ చేసి ఉంటే, మొదట కన్వర్ట్ టు ఆన్సీ, ఆ తర్వాత పైనున్న యూటీఎఫ్-8. నకలు మీదే చేయండి. ఒక హెచ్చరిక: పొల్లు మూడో బైటు 8డి. 1252 పట్టికలో ఆ గడి ఖాళీ. విండోస్ దాన్ని అలాగే మోసుకుపోతుంది గానీ, కొన్ని ప్రోగ్రాములు పారేస్తాయి. అలా పారేసిన చోట వత్తులన్నీ విడిపోయిన పాఠం చేతికొస్తుంది.

చివరిగా, కనబడని అక్షరాలు. మీ వంత గుర్తు ఒక్క అక్షరం కాదు. ఆడమనిషి, వెడల్పు లేని అతుకు 200డి, వరికంకి, ఈ మూడూ కలిస్తేనే ఆ బొమ్మ. అతుకు తీసేస్తే ఆవిడ చేతిలోని కంకి జారిపోతుంది. దాని తోబుట్టువు 200సి అతకనివ్వకుండా ఆపుతుంది. తెలుగులో అది లేకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. వ్యూ మెనూలో షో సింబల్ కింద ముద్రణలో కనబడని అక్షరాలను చూపే ఎంపిక కొత్త వెర్షన్లలో ఉంది. అది పెట్టుకుని చూస్తూ పని చేయండి.

ప్రశ్నార్థకాల ఫైలు అదే పేరుతో, పాతదాని మీదే సేవ్ చేశారా? ఎక్కడైనా నకలుందా? ఫోనులో ఉందా?

మూడోగంట:

ఎనిమిదోబిట్టు గారూ, మీ జవాబు అచ్చు తీయించి కంప్యూటర్ పక్కన అంటించుకున్నాను.

డైరెక్ట్‌రైట్ పెట్టగానే రంగులొచ్చాయి. ఆడమనిషి చేతికి కంకి వచ్చింది. కానీ చిత్రం చూడండి, ఆ బొమ్మ పక్కన కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కితే కంకి మాత్రమే పోయి, ఆవిడ ఉత్త చేతులతో మిగిలింది. మీరు చెప్పిన అతుకు కళ్లారా చూసినట్టయింది. నాలుగుసార్లు చేసి చూశాను. మా మనవరాలు వచ్చి ఏం ఆట అమ్మమ్మా అది అంది.

"స్త్రీ"కి కాళ్లొచ్చాయి. జ్వరం ఫైలు ఒక్క నొక్కుతో తగ్గింది. నేను అదివరకు నొక్కింది కింది కన్వర్టే, అయితే సేవ్ చేయలేదు, అదృష్టం.

ఒక తప్పు ఒప్పుకోవాలి. మీ జవాబు చదవకముందే, జీడితోట గారి సలహా ప్రకారం ఒక నకలులో వెడల్పు లేని అక్షరాలన్నీ తీసేశాను. పిల్లల సందేశాలన్నీ "టీచర్‌గారూ నమస్తే" అని మొదలవుతాయి. ఒక్కసారిగా 214 చోట్ల "టీచర్గారూ నమస్తే" అయింది. రకారం కింద గకారం వత్తు పడితే ఎలా ఉంటుందో చూశాను. ఆ నకలు చెరిపేశాను.

ప్రశ్నార్థకాల ఫైలు పాతదాని మీదే సేవ్ చేశాను. అది పాత ఫోనులో వచ్చిన సంభాషణ. ఆ ఫోను పాడైంది, కొత్తదానిలోకి రాలేదు.

జీడితోట:

అయ్యో, క్షమించండి టీచరుగారూ. నేను రాసేది ప్రోగ్రాము కోడ్, అందులో అవి ఉంటే చేటు. తెలుగు పాఠం సంగతి ఆలోచించలేదు. ఇకపై ఆ సలహా ఎవరికీ ఇవ్వను.

తాళపత్రం:

టీచరమ్మా, నకారపొల్లు సంగతి నేను చెబుతాను. పాత పుస్తకాల ప్రూఫులు దిద్దుతూ రోజూ దీనితోనే తల గోక్కుంటాను.

తెలుగు యూనికోడ్‌లో మొదటి నుంచీ, అంటే 1991 నుంచీ ఉంది గానీ, అన్ని అక్షరాలూ ఒకేసారి రాలేదు. దంత్య చకార జకారాలు, మన పాత లెక్కల భిన్నాల గుర్తులు, ధాన్యం కొలిచే తూము గుర్తు 2008లో వచ్చాయి. నకారపొల్లు 2021లో, యూనికోడ్ 14తో వచ్చింది. దాని సంకేతం 0సి5డి. అంతకుముందు తయారై, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోని ఫాంటులో అది ఉండే వీలే లేదు. మీ ఖాళీ పెట్టె ముఖం "కరిగిపోతున్న ముఖం" కావచ్చు. పిల్లలు ఎక్కువగా వాడతారు. అది కూడా అదే 14లో వచ్చింది. మీ నాన్నగారి పొల్లూ, ఆ కరిగే ముఖమూ ఒకే ఏడాది బడిలో చేరాయన్నమాట. విండోస్ 10లోని ఎమోజీ ఫాంటు వాటికంటే పాతది.

పెట్టె కనబడినా అది సరైన అక్షరమేనా అని తేల్చుకోవాలంటే ఒక ఉపాయం. దాన్ని నకలు చేసి మీకు గిట్టని ఆ వర్డ్‌లోనే అతికించండి. వెంటనే ఆల్ట్ మీట పట్టుకుని ఎక్స్ నొక్కండి. అక్షరం పోయి దాని సంకేతం కనబడుతుంది. మళ్లీ నొక్కితే మళ్లీ అక్షరం. 0సి5డి అని వస్తే నిశ్చింతగా ఉండండి. అలాగే ఉంచి, అది ఉన్న ఫాంటు దొరికినప్పుడు వేసుకోండి. పెట్టె కనబడుతోందని "న్" రాసి పెట్టకండి. మీ నాన్నగారు ఎక్కడ ఏది రాశారో ఆ తేడా పోతుంది. నేను ఒక పుస్తకం మొత్తం అలా చేసి, తర్వాత మొదటి నుంచి మళ్లీ దిద్దాను.

అచ్చు గురించి. పాత పద్ధతి డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల గడుల్లో కూర్చుని ఉంటాయి. ఆ కుర్రవాడు అడిగింది ఆ రకం ఫైలు. యూనికోడ్ పాఠాన్ని ఆన్సీలో సేవ్ చేస్తే అది రాదు. మార్పిడి చేసే ప్రోగ్రాములు వేరే ఉంటాయి, వాటిలోనూ మీ బొమ్మలు నిలవవు. మీరే పేజీలు పేర్చి, ఫాంట్లు లోపలే ఇమిడ్చిన పీడీఎఫ్ ఇవ్వండి. వాళ్లు ముద్రిస్తే చాలు.

ఎనిమిదోబిట్టు:

తాళపత్రం గారు చెప్పింది అక్షరాలా నిజం. (ఆ మాట వాడక తప్పలేదు.)

టీచరుగారూ, పోయిన ఫైలుకు మందు లేదు. ఒక్క సంగతి మాత్రం చెబుతాను, పనికొస్తుందేమో. ఆన్సీ మార్పిడిలో ఖాళీలు, పంక్తులు చెక్కుచెదరవు. తెలుగులో ఒక్కో సంకేతానికి ఒక్కో ప్రశ్నార్థకం పడుతుంది. "అమ్మ" అంటే అకారం, మకారం, పొల్లు, మకారం, కాబట్టి నాలుగు. "నాట్లు" అయితే ఆరు. ఎమోజీ ఒక్కటికి రెండు పడతాయి. అంటే పాట పోయినా దాని అస్థిపంజరం ఉంది. నన్ను గారూ అనకండి, మీ అబ్బాయి ఈడువాణ్ణి.

మూడోగంట:

సరే నాయనా, గారు తీసేశాను.

ఆల్ట్ ఎక్స్ నొక్కితే 0సి5డి వచ్చింది. నాన్నగారి పొల్లు పెట్టెలో క్షేమంగా ఉంది. 37 పద్యాల్లోనూ అలాగే ఉంచాను. కరిగే ముఖమేనని ఆ అమ్మాయిని అడిగి తెలుసుకున్నాను. మే నెలలో, కంచరపాలెం ఎండలో పంపిందట.

ప్రశ్నార్థకాల ఫైలును నిన్న రాత్రి కాగితం మీద అచ్చు తీసి, ఎర్రసిరా కలంతో కూర్చున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఆ కలం తీశాను. నువ్వు చెప్పిన లెక్క వేశాను. వంత గుర్తు అంటే ఆడమనిషికి రెండు, అతుక్కి ఒకటి, కంకికి రెండు, మొత్తం అయిదు. పాదం చివర విడిగా అయిదు ప్రశ్నార్థకాలు ఉన్న చోట్లు ఎనిమిది దొరికాయి. వంత ఎక్కడెక్కడ అందుకోవాలో తెలిసిపోయింది. పల్లవి పాదం ఏడుసార్లు అదే పొడవుతో తిరిగి వచ్చింది. అదేమిటో నాకు గుర్తుంది కాబట్టి ఆ ఏడు పంక్తులూ పూర్తిచేశాను. చరణాలు మాత్రం నాకు రావు. పాడినావిడ ఊళ్లోనే ఉన్నారు, ఎనభై దాటాయట. ఆదివారం పొద్దున బస్సుకి వెళ్తున్నాను.

పదకొండో పాదం చివర రెండు ప్రశ్నార్థకాలు విడిగా ఉన్నాయి. "నీ" అన్నా రెండే, "నా" అన్నా రెండే. కానీ ఆ పాట పాదాల్లో ఏదీ అలా విడి అక్షరంతో ముగియదు. అక్కడ ఆవిడ నవ్వారు.